హన్మయ్య చెప్పింది చెప్పినట్టు

యాలాల, 7 మే 1962

వికారాబాదుల ఉంటున్న అరుణమ్మకు, యాలాల గొర్ల హన్మయ్య దండం పెట్టి రాపిచ్చేది.

ఈడ మేమంత మంచిగున్నం, ఆడ నువ్వు మంచిగున్నవనుకుంట. అమ్మా, ఐతారం ఐతారం తాండూరు బడిల పిల్లలకు వార్తలు రాసుడు నేర్పుతున్నవంటే నా బిడ్డ బుగ్గమ్మను తోలిన. గా పిల్ల మొదటి వార్త నా మీదనే రాసింది! "యాలాల హన్మయ్య పొట్టేలు తప్పిపోయింది. ఆ సమయంలో కాపరి నిద్రపోతున్నాడు" అని బడి గోడకు అంటించిన్రు. తాండూరంత చదివింది. నేను నిద్రపోలే. కండ్లు మూసుకున్న, గంతే. గది దిద్దుండ్రి. ఏందే, ఆపినవు? రాయి. నిద్రపోయిన సంగతి మాత్రం రాయకు.

ఇట్లు,
హన్మయ్య ఏలిముద్ర

తా.క.: మేడమ్, ఎవరు చెప్పింది చెప్పినట్టే రాయాలి, మన మాట కలపొద్దు, తీసెయ్యొద్దు అన్నారు కదా. అట్లాగే రాశాను. — బుగ్గమ్మ, ఎనిమిదో తరగతి.


వికారాబాదు, 10 మే 1962

హన్మయ్య గారికి, అరుణాదేవి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మేము నలుగురం యూనివర్సిటీ విద్యార్థులం. సెలవుల్లో జీతం లేకుండా చేసే ఈ పనిని నమ్మి బిడ్డను పంపినందుకు మీకు ఎంతో రుణపడి ఉన్నాం. వార్తలో ఉన్న మనిషి మాటకు కూడా చోటివ్వాలని పిల్లలకు నేర్పుతున్నాం. అందుకని ఈ ఆదివారం గోడపత్రికలో, "తాను నిద్రపోలేదనీ, కళ్ళు మాత్రమే మూసుకున్నాననీ హన్మయ్య గారు తెలియజేస్తున్నారు" అని పెద్ద అక్షరాలతో సవరణ వేయిస్తాం.

భవదీయురాలు,
అరుణాదేవి

తా.క.: కళ్ళు ఎంతసేపు మూసుకున్నారో కూడా తెలియజేస్తే సవరణ ఇంకా సమగ్రంగా ఉంటుంది.


యాలాల, 21 మే 1962

అరుణమ్మకు హన్మయ్య దండం.

నీ దిద్దుబాటు నా ఇజ్జత్ తీసింది. ఇప్పుడు తొవ్వల ఎవడెదురైనా "హన్మన్నా, కండ్లు మూసుకున్నవా, తెరిచినవా?" అనుడే. నా పెండ్లాం బీరమ్మ గూడ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. పొట్టేలు దొరికింది. యాడ దొరికింది? మీ బడి గోడ కాడనే! కాయితాలు అంటించిన జొన్నగంజి వాసనకు వచ్చి కాయితం తింటున్నది. దిద్దుబాటంత నమిలింది. నేను నిద్రపోయిన్నన్న పాత వార్తను ముట్టనన్న ముట్టలే.

నాకొక అనుమానం. నా మాట నా లెక్కనే నీ కాడికొస్తే, గంత చదువుకున్నదానివి గిట్ల చేస్తవా? రాసేది నా బిడ్డ. తన దిక్కు మలుపుకొని రాస్తున్నది. నాకు అచ్చరం రాదని ధైర్యం. ఇగ చాలు. వచ్చే ఐతారం నుంచి నీ కాడికి రాదు. బడిల గూడ పేరు కొట్టెయ్యమను. గొర్ల ఎంట పోతది. రాసినవానే?

హన్మయ్య ఏలిముద్ర

తా.క.: రాశాను. — బుగ్గమ్మ.


వికారాబాదు, 24 మే 1962

హన్మయ్య గారికి నమస్కారాలు.

మీ రెండు ఉత్తరాలూ దీనితో తిప్పి పంపుతున్నాను. బుగ్గమ్మతో కాకుండా, చదువొచ్చిన వేరెవరితోనైనా చదివించుకోండి. ఆ తర్వాత కూడా వద్దంటే, పేరు కొట్టేయమని హెడ్మాస్టరుగారికి నేనే చెబుతాను.

అరుణాదేవి

తా.క.: ఇకనుంచి గంజిలో వేపాకు రసం కలుపుతున్నాం.


యాలాల, 28 మే 1962

అరుణమ్మకు హన్మయ్య వెయ్యి దండాలు.

గీ ఉత్తరం పోస్టు కరీముద్దీన్ సాబుతోని రాపిస్తున్న. బిడ్డ ఇంట్ల ఉన్నది, దానికి తెల్వదు. నువ్వు పంపినయి రెండు సాబుతోని సదివిపిచ్చుకున్న. నేను రాయకన్నది గూడ రాసింది. పేరు కొట్టెయ్యమన్నది గూడ రాసింది. గా ఒక్క మాట మార్చి రాసుకుంటే నాకేం తెలుస్తుండె అమ్మా? దాని చదువు దానికి దక్కుతుండె.

పట్వారి కాడ, కచేరీల ఎన్నోసార్లు ఏలిముద్ర ఏసిన. నేను చెప్పింది ఒకటి, వాళ్ళు రాసింది ఒకటి. నా మాట నా లెక్క రాసింది నా బిడ్డ ఒక్కతే. గది నేర్పింది నువ్వు. నీ మేలు పానం ఉన్నన్ని దినాలు మరువ. ఐతారం నేనే తోలుకొస్త. నిద్రపోయిన మాట నిజమే. గోడ మీద అట్లనే ఉండనియ్యి.

హన్మయ్య ఏలిముద్ర

తా.క.: ఏడ్చిన సంగతి రాయొద్దన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఊరందరికీ ఉత్తరాలు రాస్తున్నాను, అందులో నా మాటలు కొన్ని కలిపేవాణ్ణి, వాళ్ళవి కొన్ని తీసేసేవాణ్ణి. ఆ పిల్ల రాసినవి చదివాక అట్లా చేయడానికి నాకు చెయ్యి రావడం లేదు. ఏడ్చాడు. — కరీముద్దీన్.