రేవులో తీసిన రక్తం

గుడివాడ,
ఆదివారం.

నాన్నకి,

ఫోన్లో చెబితే "పోనీలేమ్మా" అని తేల్చేస్తావు. అందుకే రాస్తున్నాను. వాసు బావ చేత చదివించుకో.

నా ఉద్యోగం నీకెప్పుడూ వింతే. "ఎవరో రాసినవి చదవడానికి జీతమా?" అని ఆటపట్టించేవాడివి. అదే నా పని నాన్నా. జబ్బుల మీద అచ్చయిన పరిశోధనలన్నీ వెతికి, ఏది నమ్మాలో, ఏది పక్కన పెట్టాలో మార్కులు వేసి పైఆఫీసుకు చెప్పాలి. మూడేళ్ల క్రితం బందరు, దివిసీమ తీరంలో కిడ్నీ జబ్బు గురించి అలాగే వెతికాను. రెండే దొరికాయి. ఒకటి పెద్ద వైద్య పత్రికలో వచ్చింది. పదకొండు వందల మంది రక్తం పరీక్షించి, జబ్బు లేదని తేల్చింది. రెండోది నర్సు సరోజినిగారు మన పేటలో ముప్పై ఎనిమిది ఇళ్లు తిరిగి రాసిన నాలుగు పేజీలు. దాదాపు ఇంటికొకరికి కాళ్ల వాపు ఉందని రాశారావిడ. పెద్దదానికి పూర్తి మార్కులు వేశాను. ఆవిడ కాగితాలు మరీ చిన్నవని తీసేశాను. నా మాట మీదే మనవైపు ఇంటింటి పరీక్షలు ఆపేశారు.

మొన్న బందరు ఆసుపత్రిలో నీకు డయాలసిస్ జరుగుతుంటే, పక్కన కూర్చుని ఆ పెద్ద పత్రికలోని పేపరు మళ్లీ తీశాను. "బోట్లు దిగుతున్నవారి నుంచి రేవులో నమూనాలు సేకరించాం" అని ఒక్క వాక్యం ఉంది. వేటకు వెళ్లగలిగినవాడే కదా రేవులో దిగేది! కాళ్లు వాచినవాడు ఇంట్లో మంచం మీద ఉంటాడు. అది రాసినవాళ్లకు తెలియకపోవచ్చు. అమ్మ చేపల గంప పక్కన పెరిగిన నాకు తెలియొద్దూ? పత్రిక పేరు చూసి గుడ్డిగా నమ్మాను. అప్పుడే పరీక్షలు జరిగివుంటే నీ జబ్బు ఇంత ముదిరేది కాదు. ఆ పాపం నాదే నాన్నా.

తప్పు నాదని పైఆఫీసుకు రాసిచ్చేస్తున్నాను. మా పైఅధికారి స్టీఫెన్ సారు "ఆ పేపరు తప్పుకి మీరెందుకమ్మా బలి కావడం? ఉద్యోగం పోతుంది" అంటున్నారు. పోతే పోనీ. నువ్వు క్షమిస్తే చాలు.

నీ
కనకం

మంగినపూడి,
గురువారం.

అమ్మా కనకమాలక్ష్మీ,

నేను చెబుతుంటే వాసు రాస్తున్నాడు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్నాను. జబ్బు మనిషి ఇంట్లో ఉంటాడని రాశావు. ఎలా ఉంటాడే? వేటకెళ్లకపోతే పొయ్యి వెలగదు. ఆ రక్తాలు తీసిన పొద్దున నేనూ బోటు దిగాను. అప్పటికే నా కాళ్లు వాచి ఆర్నెల్లు. జబ్బని తేలితే బోటు యజమాని ఏడుకొండలు మళ్లీ తన బోటు ఎక్కనివ్వడు. అందుకని నా పేరు పిలిస్తే వాసు వెళ్లాడు. వాడి పేరుకి ఎడమ చెయ్యి ఇచ్చాడు, నా పేరుకి కుడి చెయ్యి. ఈ ముక్క రాయలేక కలం కింద పెట్టేశాడు. తిట్టి రాయిస్తున్నాను.

నేనొక్కణ్నే కాదు. మన రేవులో తొమ్మిదిమందిమి అలాగే చేశాం. సిగ్గేసి నీకు చెప్పలేదు. ఆ కాగితం తిరిగి తిరిగి నీ చేతికే వస్తుందని మాకేం తెలుసు?

నీ తప్పు ఒక్కటే రాయకు, మాది కూడా రాయి. తొమ్మిది పేర్లూ వేరే కాగితం మీద పెట్టి పంపుతున్నాను. అయిదుగురం వేలిముద్రలు వేశాం. పోయిన నలుగురికీ వాళ్ల పెళ్లాలు వేశారు.

నీ నాన్న
పోతయ్య