వడ్లాయప్ప అంటే

కణేకల్,
మార్చి 1966

ప్రియమైన నారాయణన్నకు చెల్లెలు నాగలక్ష్మి దండాలు.

నీ జాబు చూసి నవ్వాలో ఏడ్చాలో తెలీలేదు. తోడబుట్టిన దానికి రాస్తా కూడా కింద "వడ్ల నారాయణ" అని పెట్టాలా అన్నా? నువ్వు వడ్రంగివని నాకు తెలీదా?

వదినకు ఐదో నెలని రాసినావు. ముందు పోయిన ఇద్దరు బిడ్డల్ని తల్చుకుంటే నాకు ముద్ద దిగడంల్యా. ఉత్త గంజి తాగి బిడ్డను మోసేదెట్లా? ఈడ కాలువకు నీళ్లొస్తాండాయి. మీ బావ తూము తలుపుల పనికి పోతాండాడు. నీకూ ఆడే పని ఇప్పిస్తానంటాడు. కన్నడపోళ్లు బడిగి అంటారు, ఇంజినీరు కార్పెంటర్ అంటాడు. ఏమన్నా పిలవనీలే, వారం వారం దుడ్లిస్తారు. పనిముట్లు మూటగట్టుకోని వదినను పిల్చుకోని రా.

దోవ చూస్తాండే నీ చెల్లెలు,
నాగలక్ష్మి

---

బండకిందపల్లి, కుందుర్పి దగ్గర,
ఏప్రిల్ 1966

చిరంజీవి నాగలక్ష్మికి అన్న ఆశీర్వాదం.

ఈడ ప్రాణాలతో ఉండాము, అదే క్షేమం అనుకో.

వడ్రంగి అంటే కొయ్యపని చేసేవాడని నీ కొడుకు బడిపుస్తకంలో ఉంటాదేమో. మన ఊర్లో ఆ మాట ఎవరంటారమ్మా? వడ్లాయప్ప అంటారు. నాయనను అట్లే పిలిచిరి. ఆయన దినాలు అయిపోయిన మర్నాడే నన్ను పిలిచిరి. మీ వదిన వడ్లక్క. మన కుక్క కూడా వడ్లోళ్ల కుక్కే గానీ దానికి వేరే పేరు ల్యా. నా పేరు నారాయణ అని ఊర్లో సగం మందికి తెలీదు.

కళ్లంలో కొర్రలు తూర్పారబట్టినాక గింజ ఇంటికి పోకముందే నా మేర కొలిచి పక్కన పెట్టేవాళ్లు, నువ్వూ చూసినావు. దున్నే మడక చేసిచ్చినందుకు కాదు అది. తొలివాన పడిన పొద్దు ఊర్లో ఏ మడకా ఆగకుండా చూస్తానని. దుడ్లకు చేసేవాడు యాడైనా చేస్తాడు. వడ్లాయప్ప ఊరిడిచి పోడమ్మా.

రెండేండ్లుగా వాన ల్యాక ఇండ్లకిండ్లు బెంగుళూరు దిక్కు ఇటుకబట్టీలకు పోతాండాయి. పొయ్యేవాళ్లు పోతా పోతా మడకలు తెచ్చి మన పంచలో పెడతాండారు. "వడ్లాయప్పా, భద్రం" అంటారు. ఇంగ నేనెట్లా వచ్చేది?

నీ అన్న,
వడ్ల నారాయణ

---

కణేకల్,
మే 1966

ప్రియమైన అన్నకు నాగలక్ష్మి రాసేది.

కోపంతోనే రాస్తాండా, ఏమన్నా అనుకో. మేర పెట్టేవాళ్లే ఊర్లో ల్యాకపోతే నువ్వు ఎవరికి వడ్లాయప్పవు? మడకలకా? అవేం ఆకలంటాయా, నొప్పులంటాయా? వదిన బతుకు చూడు ముందు. నువ్వు రాకపోతే పోనీ, ఆమెనైనా పంపు. ఈ బిడ్డకు ఏమన్నా అయితే నీ మొగం చూడను. దేవుని మీద ఆన.

నీ చెల్లెలు,
నాగలక్ష్మి

---

బండకిందపల్లి,
జూన్ 1966

ప్రియమైన నాగలక్ష్మికి.

నీ జాబు మీ వదినకు చదివి వినిపించినా. "నువ్వు ల్యాకుండా నేను యాడికీ పోను" అనింది. నన్ను పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు.

చెన్నప్ప కూడా పోయినాడు. పోవద్దని నాకు చెప్పిన పెద్దమనిషే ఆయప్ప. ఎద్దులు పోయినంక ఇంగేం చేస్తాడులే. మడక భుజాన వేసుకోని తెచ్చినాడు, నాయన చేసిన తుమ్మ మడక అది. "తొలివానకు యాడున్నా వస్తా వడ్లాయప్పా, సిద్ధంగా పెట్టు" అన్నాడు. కండ్లనీళ్లు పెట్టుకున్నాడు. నేనూ పెట్టుకున్నా.

ఊర్లో మేమిద్దరం, నడవలేని బయమ్మవ్వ మిగిలినాము. ఏడాదిగా కొత్తపని ల్యాదు. ఇంట్లో ఉన్న చెక్కపేళ్లు, పొట్టు గంజికే కాలిపోయినాయి. మడకలన్నీ బిగించి పెట్టినా. మబ్బు పడతాండాది. ఒక్క వాన పడనీ, అందరూ వస్తారు. వాళ్లు రాగానే మీ వదినను పిల్చుకోని నేనే వస్తా.

నీ అన్న,
వడ్ల నారాయణ

---

బండకిందపల్లి,
జూలై 1966

ప్రియమైన నాగలక్ష్మికి.

వాన పడింది.

మూడు దినాలు ఇడవకుండా కొట్టింది. ఆ వానలోనే మీ వదినకు నెలలు నిండకుండానే నొప్పులొచ్చినాయి. ఆడబిడ్డ. పిల్లిపిల్ల మాదిరి ఏడ్చింది. ఒళ్లంతా చల్లగా ఉండాది. "నిప్పు ఆరనీకురా, ఆరితే బిడ్డ దక్కదు" అని, నేను ఎత్తుకోని తెచ్చిన బయమ్మవ్వ పొయ్యి కాడే కూర్చున్నాది.

బయట కంప, పుల్ల అంతా తడిసి నానిపోయింది. వాసాలు పీకితే ఇల్లు బిడ్డ మీద పడుతుంది. ముందు నా పనిమొద్దు చీల్చినా. బాడిశ పిడి కూడా ఊడబెరికి వేసినా. ఇంగ పొడిగా ఉన్నేటివి మడకలే. ఒక్కటే గదా అనుకున్నా నాగలక్ష్మీ. ఒకటి అయిపోతానే బిడ్డ మళ్లీ చల్లబడుతుంది. ఇంకొకటి తీసినా. మీ వదిన గోడ దిక్కు తిరిగి పండుకున్నాది, నేను చీల్చేది చూడలేక. చెన్నప్ప మడక కడాకు పెట్టుకున్నా. అదీ వేసినా.

అది కాలిపోయింది. తెల్లారకముందే బిడ్డ పోయింది.

వాన నిలిచింది. పొద్దెక్కినాక ఎద్దుల గంటలు వినపడినాయి. చెన్నప్ప! అల్లుని ఎద్దుల్ని అడిగి తోలుకొచ్చినాడు. "వడ్లాయప్పా, వాన పడె గదప్పా! యాడ నా మడక?" అని వాకిట్లో నుంచే కేకేసినాడు. ఎంత సంతోషం ఆ గొంతులో! ఏడాదిగా నేను కాచుకోనున్నేది ఆ కేకకే.

లోపలికి వచ్చినాడు. పొయ్యిలో బూడిద నడుమ ఆయప్ప మడక ఇనుప కర్రు నల్లగా పడి ఉండాది. దాన్ని చూసినాడు. పక్కన గుడ్డలో చుట్టిన బిడ్డనూ చూసినాడు.

పార తీసుకోని పోయి, తన చేని గట్టునే గుంత తీసినాడు. నేల దున్నేదానికి మంచి పదును మీద ఉండాది, పార అట్లా దిగింది. ఇద్దరమూ ఆ పదును చూసినాము.

కర్రు గోనెసంచిలో వేసుకోని ఎద్దుల్ని మళ్లించినాడు. పోతా పోతా, "వస్తా నారాయణా. ఆయమ్మ పైలం" అన్నాడు. కోపంగా అనలేదు, జాలిగానే అన్నాడు. నాకు బుద్ధి తెలిసినకాడి నుంచి ఆయప్ప నోట్లో నా పేరు వినింది అదే మొదలు. తిట్టి పోయినా బాగుండు.

మిగతావాళ్లు రాలేదు. వచ్చినా నేను మొగం చూపలేను. మీ వదిన లేచి నడిచిన దినం బస్సెక్కుతాము. నువ్వు నా మొగం చూడనని ఆన పెట్టినావు. నన్ను చూడొద్దు, ఆమెకింత అన్నం పెట్టు.

ఇంజినీరు ఏమని పిలిచినా పలుకుతానని బావకు చెప్పు.

నీ అన్న,
నారాయణ