పై అంతస్తు పడకగది

మార్చి 24, మంగళవారం

భవనాల శాఖ నోటీసు మెట్ల దగ్గర అంటించి పోయారు. అందరూ మొదటి వాక్యం చదివి తిట్టుకుంటూ వెళ్లారు. నేను కళ్లజోడు పెట్టుకుని చివరి దాకా చదివాను.

విషయం ఇది. ముప్పై ఏళ్లు దాటిన భవనాల్లో, పై అంతస్తు పడకగదులు వేసవిలో మనుషులు పడుకోవడానికి పనికొస్తాయా లేదా అని పరీక్ష పెడతారట. వేడిని రాసుకునే లాగర్ అనే చిన్న డబ్బాను వారం పాటు గదిలో ఉంచుతారు. ఆ వారం రోజులూ ఏసీ వేయకూడదు. రాత్రి వేడి సగటున ముప్పై ఒక్క డిగ్రీలు దాటితే మే, జూన్ నెలల్లో ఆ ఇల్లు ఖాళీ చేయాలి.

పోయిన వేసవిలో ఇలాంటి గదుల్లో నిద్రలోనే పోయినవాళ్ల గురించి పేపర్లో చదివాను. చట్టం సబబే. సబబైన చట్టం మన గడపకే రావడం ఇబ్బంది. ఈ భవనంలో అన్నిటికన్నా పైనున్న ఐదో అంతస్తు ఇల్లు మాదే. కాపురం ఉన్నది నేనూ, మా ఆయనా.

మార్చి 26, గురువారం

అపార్ట్‌మెంట్ సంఘం మీటింగ్. అధ్యక్షులు గ్రౌండ్ ఫ్లోర్ లాయరుగారు. టెర్రస్ మొత్తానికి ఎండను తిప్పికొట్టే తెల్లని కోటింగ్ వేయిద్దామన్నాను. లాయరుగారు వెంటనే, ఎండా పై వాళ్లదే, కప్పూ పై వాళ్లదే, ఖర్చు మాత్రం అందరిదా మేడమ్ అన్నారు. మీ ఏసీలు బయటికి ఊదే వేడిగాలి మా కిటికీల్లోకి వస్తుంటే నేనెప్పుడైనా వాటా అడిగానా అన్నాను. అందరూ నవ్వారు. లాయరుగారు కూడా నవ్వారు, కొంచెం ఆలస్యంగా. చివరికి కోటింగ్‌కు ఒప్పుకున్నారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి ఫోన్. పరీక్ష తప్పితే ఏం చేయాలో అన్నాచెల్లెళ్లు ముందే మాట్లాడుకున్నారట. ఇద్దరివీ ఇరుకిళ్లు. ఒక్కొక్కరి దగ్గర ఒక్క మంచానికే చోటుంది. అమ్మ నా దగ్గరికి, నాన్న అన్నయ్య దగ్గరికి, రెండు నెలలేగా అంది.

మా ఆయన తెగ సంబరపడ్డారు. హెడ్‌మిస్ట్రెస్‌గారి బెల్లు వినక్కర్లేకుండా రెండు నెలలు వేసవి సెలవులు అన్నారు. రిటైరై పదకొండేళ్లయినా నాకీ పేరు పోలేదు. అలాగే కానివ్వండి, మందులు ఎవరిస్తారో చూస్తాను అన్నాను. వంటగదిలోకి వెళ్లి గిన్నెలు కడిగాను. అవి అప్పటికే కడిగినవి.

ఏప్రిల్ 2, గురువారం

కోటింగ్ పూర్తయింది. పైకి వెళ్లాను గానీ మోకాళ్లు గడప దాటనివ్వలేదు. తలుపు దగ్గర నిలబడే చూశాను. కళ్లు చెదిరే తెలుపు. సరేనన్నాను.

ఏప్రిల్ 6, సోమవారం

భవనాల శాఖ నుంచి సర్వే అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి. మాటలో తడబాటు లేదు. నాకు నచ్చింది. లాగర్‌ను మంచం పక్కన స్టూలు మీద, తల ఎత్తుకు సరిగ్గా పెట్టింది. కదపకూడదు, కప్పకూడదు, ముట్టుకోకూడదు అంది. స్టూలు మా ఆయన వైపు ఉంది కాబట్టి ఆ మూడూ ఆయన చేత తిరిగి చెప్పించాను. ఆయన చేతులు కట్టుకుని మూడో తరగతి పిల్లాడిలా అప్పజెప్పారు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

ఏప్రిల్ 9, గురువారం

ఒళ్లంతా చెమటే. ఈ లెక్కన తప్పుతామని నాకు అనుమానం. ఈయన మాత్రం ఎందుకో మహా ధీమాగా ఉన్నారు.

ఏప్రిల్ 12, ఆదివారం, మధ్యాహ్నం

గది తుడుస్తుంటే స్టూలు మీద నీటి మరక కనపడింది. లాగర్ చుట్టూ, గుండ్రంగా. పాలిష్ ఉబ్బింది. ఒక్క రోజు మరక కాదది. స్టూలు వెనక మేకుకు ఈయన తువ్వాలు, ఇంకా తడిగా.

ఇదేమిటని అడిగాను. డబ్బాకు కూడా ఉక్కపోస్తుందేమోనని అన్నారు.

నేను నవ్వలేదు. అప్పుడు చెప్పారు. నేను పడుకున్నాక రోజూ తువ్వాలు తడిపి దానికి చుడుతున్నారట. నేను లేవకముందే తీసేస్తున్నారట. ఈ వయసులో దొంగపనా అని కేకలేశాను. తలవంచుకుని విన్నారు. తర్వాత మెల్లగా, అబ్బాయి ఇంట్లో నాకే లోటూ ఉండదు గానీ, రాత్రి మెలకువొచ్చినప్పుడు పక్కన నీ గురక వినపడకపోతే మళ్లీ నిద్ర పట్టదే అన్నారు.

నేను గురక పెట్టనన్నాను. నలభై ఆరేళ్లుగా విన్నవాణ్ణి, నాకు చెప్పకు అన్నారు.

సెలవులని సంబరపడ్డ మనిషి!

అదే రోజు, సాయంత్రం

సర్వే అమ్మాయికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. చేసేముందు చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. చెప్పకపోతే వేసవంతా ఈ ఇంట్లో ఇద్దరం కలిసే ఉంటాం. చెబితే పరీక్ష పోవచ్చు. కానీ డబ్బాను చల్లబరిస్తే మనం చల్లబడం. జూన్ నెలలో ఒక ఉదయం ఇద్దరిలో ఒకరు లేవకపోతే ఆ మంచి మార్కులు ఏం చేసుకోను?

కాపీ కొట్టాడని కట్టుకున్నవాణ్ణే పట్టిచ్చిన ఆడదాన్ని ఎక్కడా చూడలేదని ఈయన సణిగారు. ఆదివారం కదా, మా అమ్మాయి కూతురు ఇక్కడే ఉంది. పొట్ట పట్టుకుని నవ్వింది. తాతయ్యా, అది గాల్లో తేమ కూడా రాస్తుంది, నీ మంచం బావిలో ఉందనుకుంటారు, ఎలాగూ దొరికిపోయేవాడివి అంది. ఈయన మొహం చూడాలి.

ఏప్రిల్ 14, మంగళవారం

సర్వే అమ్మాయి లెక్కలు చూసి మొదట నవ్వింది. తర్వాత నవ్వు మానేసి, ఇవన్నీ రద్దు చేయాలండీ అంది. కప్పులో లోపం దొరికి, దాన్ని బాగుచేస్తేనే రెండోసారి పరీక్ష పెట్టే వీలుందట. లేకపోతే తప్పినట్టే. ఈయన నా వైపు చూడలేదు. నేను ఆయన వైపు చూడలేదు.

వెళ్లేముందు ఎందుకో వేడి కొలిచే పరికరం తీసి సీలింగ్ అంతా చూసింది. అంతటా ఒక లెక్క, మా మంచం పైన మాత్రం వేరే లెక్క. నాలుగు డిగ్రీలు ఎక్కువ. గబగబా టెర్రస్ ఎక్కింది. వెనకాలే ఈయన. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోవడం కింది దాకా వినపడింది.

నీళ్ల ట్యాంకు వెనక, తలుపు దగ్గర నుంచి కనపడని మూల, నల్ల టార్పాలిన్ కింద లాయరుగారి పాత బీరువాలు, తలుపులు, విరిగిన ఉయ్యాల బల్ల ఉన్నాయట. పెయింటర్లు వాటి చుట్టూ నీట్‌గా కోటింగ్ వేసి, కింద వదిలేశారు. వాచ్‌మన్‌ను పిలిచి అడిగితే, లాయరుగారి సామానండీ, ముట్టుకుంటే కేసు వేయరూ అన్నాడు. రోజంతా ఆ నల్ల పట్టా ఎండ తాగి, రాత్రంతా మా నెత్తిన కక్కుతోంది.

లోపం దొరికింది. జీవితంలో ఒక లోపాన్ని చూసి ఇంత సంతోషించడం ఇదే మొదలు.

ఏప్రిల్ 16, గురువారం

లాయరుగారు అవి తాతల నాటి టేకు, ఎక్కడ పెట్టమంటారు అన్నారు. మీ హాల్లో పెట్టుకోండి, అంత మంచి టేకు నలుగురూ చూడాలిగా అన్నాను. లోపలి నుంచి ఆయన భార్య, నాలుగేళ్ల నుంచి నేను మొత్తుకుంటే వినలేదు వదినా, ఇప్పుడు గవర్నమెంటు చెబితే గానీ చెవికెక్కలేదు అని అరిచింది. మధ్యాహ్నానికల్లా సామాను కిందికి దిగింది. సాయంత్రానికి పెయింటర్లు ఆ చదరం కూడా పూర్తిచేశారు.

ఈసారి మోకాళ్ల మాట వినలేదు. ఈయన చెయ్యి పట్టుకుని టెర్రస్ ఆ చివరి దాకా వెళ్లి చూసొచ్చాను.

ఏప్రిల్ 20, సోమవారం

మళ్లీ లాగర్. స్టూలు ఈసారి నా వైపు.

ఏప్రిల్ 23, గురువారం

బయట నలభై మూడు. ఇంట్లో తువ్వాళ్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఏప్రిల్ 27, సోమవారం

ముప్పై పాయింట్ నాలుగు.

సర్వే అమ్మాయి ఆ అంకె రెండుసార్లు చదివింది, నేను అడిగినందుకు. ఈ వీధిలో ఇప్పటిదాకా నెగ్గిన పాత భవనం మాదేనట. కొత్త ఇళ్లు ఎలా కట్టాలో అందరూ చెబుతారండీ, ఉన్న ఇళ్లను ఇలా బతికించుకోవడమే అసలు పని అంది. గట్టిగా చదువుకున్న పిల్ల. కాఫీ ఇచ్చాను.

మా అమ్మాయికి ఫోన్ చేస్తే, అయ్యో మంచం కూడా సర్ది పెట్టానమ్మా అంది. గొంతులో బెంగ ఉంది, తేలికపడ్డట్టూ ఉంది. తప్పు పట్టను.

ఈయన బాల్కనీలో నిలబడి, అయితే సెలవులు రద్దన్నమాట అన్నారు. అటు తిరిగే అన్నారు. నేను మంచం మీద కూర్చుండిపోయాను. ఎంతసేపు కూర్చున్నానో లెక్క చూసుకోలేదు.

మే 2, శనివారం

రాత్రి గాలివాన. తెల్లవారుజామున దుప్పటి దగ్గర ఇద్దరం కొట్లాడుకున్నాం. ఆయనే గెలిచారు.