నాన్న మిషన్ చప్పుడు

అమ్మకి,

నేను బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, బెంగ పెట్టుకోకు. కొత్తవాళ్లకి కెమెరా, ఎడిటింగ్ గది ఇచ్చి ఊరుకోదు ఈ స్టూడియో, అనుభవం ఉన్న ఎడిటర్ని కూడా తోడు కూర్చోబెడుతుంది. నిన్న ఆవిడా నేనూ, నాన్న పోయేముందు నేను తీసిన కుట్టుపని సీను చూశాం. పక్క కొట్లో డ్రిల్లింగ్ మోతకి మన మిషన్ చప్పుడు బొత్తిగా వినపడలేదు. సౌండ్ చూసే అతను పాపం, వాళ్ల దగ్గరున్న వేరే కుట్టుమిషన్ చప్పుడు తెచ్చి అతికించాడు. నాన్న మోకాలి నొప్పితో నాలుగు తొక్కులు తొక్కి ఆగేవాడు కదా? తెర మీద కాలు ఆగింది, చప్పుడు ఆగలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆవిడ టక్కున కట్టేసి, "ఎవరిదో చప్పుడు మనకెందుకమ్మా? ఆ మిషన్ ఇంట్లో ఉందా?" అంది.

ఉంది కదమ్మా? ఎవరికీ ఇచ్చెయ్యలేదు కదా? ఇన్నేళ్లూ పక్కన కూర్చుని కాజాలు కుట్టావు, నాన్న ఎక్కడ ఆగేవాడో నీకే తెలుసు. నువ్వు తొక్కు, చెల్లి ఫోన్లో రికార్డు చేసి పంపుతుంది. ఫ్యాను ఆపమను. కళ్లజోడు మార్పించుకున్నావా? వంటింటి కుళాయి ఇంకా కారుతోందా?

మనసొప్పకపోతే వద్దులే. ఆ సీను చప్పుడు లేకుండానే ఉంచుదాం అంది ఆవిడ, ఇంకొకళ్లది మాత్రం పెట్టనంది.

పిన్నికి నమస్కారాలు, చెల్లికి ముద్దులు. మిషన్ మీద కప్పిన దుప్పటి మాత్రం ఒక్కదానివే తియ్యకు. చెల్లి వచ్చేదాకా ఆగు.

నీ పెద్దది