వేటగాడి మూడో మంత్రం

బుధవారం, ముంచింగిపుట్టు

కాగితం మీద నేను తయారుచేస్తున్న ఆటలో సగం వేటగాడు, సగం మంత్రగాడు అయినవాడు ఇవాళ కూడా చచ్చాడు, వెధవ. మూడో మంత్రం ఐదో లెవెల్లోనే ఇచ్చేస్తే పూర్తి మంత్రగాడికి విలువుండదు. తొమ్మిదోదాకా ఆపితే వీడు అక్కడిదాకా బతకడు.

సాయంత్రం వంటకు వచ్చిన సోములమ్మ పాచికలు చూసి ఏమిటని అడిగితే చెప్పాను.

"సైత్రంలో మా ఇటుకల పండక్కి ఊరోళ్లంతా కలిసే ఏటకెల్తారు. ఒక్కడినే తోలేత్తే సావడేటి సారూ?"

నిజమే. విశాఖలో నాతో ఆడిన ముగ్గురు స్నేహితుల పాత్రలు మంత్రం వచ్చేదాకా వాడిని కాచేవి. ఇక్కడికి బదిలీ అయ్యాక ఒక్కడినే ఆడుకుంటూ ఆ సంగతే మరిచి, మంత్రాలు దిద్దుతూ కూర్చున్నాను.

మంత్రాన్ని తొమ్మిదిలోనే ఉంచి, వాడికి ముగ్గురిని తోడిచ్చి మళ్లీ ఆడాను. బతికాడు.

నలుగురి పాచికలూ నేనే వేశాను.