తలుపు వెనక సుద్దగీతలు

అక్కా, ప్రాణానికేం ఢోకా లేదు, కంగారుపడకు. నాన్న చేతిలో పడకూడదనే ఈ కార్డు మీ ఇంటికి రాస్తున్నా.

ఇక్కడ ఎత్తులో గాలి పలచన, అలవాటయ్యేదాకా వారం రోజులు నడకే, పరిగెత్తొద్దని కోచ్ చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. నా బుద్ధి గడ్డి తిని, రెండో రోజు పొద్దున్నే దొంగచాటుగా పరిగెత్తా. మూడో మలుపులో దగ్గితే నురగొచ్చింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట. పరుగు పందెం నుంచి నా పేరు కొట్టేశారు. నన్ను కిందికి పంపే బండి వచ్చేదాకా మిగతావాళ్ల సాక్సులు ఆరేస్తున్నా.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? నా పాత బూట్లు మీ చిన్నదానికిచ్చెయ్. నాకు జలుబు చేసిందని అమ్మకి చెప్పు. బావకి నమస్కారాలు.

పందెం ఇంకెన్ని రోజులో లెక్కకి నాన్న తలుపు వెనక గీసుకున్న సుద్దగీతలు రోజుకొకటి చెరుపుతున్నాడా? చెరుపుకోనీ, ఏమీ చెప్పకు. ఆఖరి గీత నాటికి నేనే గుమ్మంలో నిలబడతా.

నీ చెల్లి