రెండు వందల గుండీలు

మార్చి 3, సోమవారం

పనులు పదకొండు. ఉతికినవి రెండు బకెట్లు, ఆరినవి ఒకటిన్నర (ఎండ పోయింది). వంట రెండు పూటలు. ఈయన కుట్టు షాపుకి క్యారియర్. మనవరాలి బూట్లకి పాలిష్. కిటికీలు నాలుగు తుడిచాను. ఇస్త్రీ మిగిలింది, రేపటికి.

పన్నెండోది రాత్రి భోజనాల దగ్గర వచ్చి చేరింది. జూన్ రెండో ఆదివారం సరస్సు ఈదుతానని కోడలు చెప్పింది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఇరవై అంది. అబ్బాయి చెంచా కింద పెట్టి, ఇరవై మీటర్లా అన్నాడు. కిలోమీటర్లు అంది. అవతలి ఒడ్డుకి బస్సుందేమో కనుక్కున్నావా అమ్మా అని ఈయన చాలా మర్యాదగా అడిగారు. కోడలికి పొలమారింది.

కోడలు మత్తు డాక్టరు. ఆపరేషన్ చేసేవాళ్ళు వేరు, మనిషిని నిద్రపుచ్చి, అంతసేపూ తల దగ్గర కూర్చుని ఊపిరి చూసుకుని, మళ్ళీ లేపేది తను. ఏడున్నరకి వెళితే ఏడుకి వస్తుంది, కొన్ని రోజులు రాదు. కాబట్టి ఈత తెల్లవారుజామున ఐదుకి. సరస్సు ఈత నడిపేవాళ్ళకి ముందుగా ఒక కాగితం పంపాలట. పూల్‌లో ఆగినా ఒడ్డెక్కకుండా పది కిలోమీటర్లు, అంటే పోయి రావడం ఒక రౌండు చొప్పున రెండు వందల రౌండ్లు ఈదినట్టు గట్టు మీద ఒక మనిషి లెక్కపెట్టి సంతకం పెట్టాలి. ఏప్రిల్ 28 ఆఖరు.

దానికేదో వాచీ ఉంటుందటగా అన్నాను. మనిషి సంతకమే కావాలట. పైగా రోజంతా మెషీన్ల మీద అంకెలు చూసి చూసి, నీళ్ళలో కూడా అవే చూడలేనంది. అత్తయ్యా, ఈ ఇంట్లో అంకె అంటే మీరే కదా అంది.

పొగిడిందో పని చెప్పిందో తెలియలేదు. సరే అన్నాను.

మార్చి 4, ఉదయం 8

వేళ్ళ మీద లెక్కపెట్టాను. మధ్యలో తుమ్ము వచ్చింది. ఎన్నయ్యాయి అత్తయ్యా అని నీళ్ళలోంచి అడిగితే ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో అన్నాను. ఏదో ఒకటి చెప్పండి పర్వాలేదు అని నవ్వింది. నాకు పర్వాలేదు అనిపించలేదు.

ఈయన షాపు నుంచి రెండు వందల నల్ల కోటు గుండీలు తెచ్చాను. రెండు స్టీలు డబ్బాలు. ఒక రౌండు అయితే ఒక గుండీ ఎడమ నుంచి కుడికి. ఒక్కటి తగ్గినా ఎవడి కోటో నోరు తెరుస్తుంది, జాగ్రత్త అన్నారు ఈయన.

మార్చి 15, శనివారం

కోడలి రోజుకి ఒక పట్టీ వేశాను. ఆసుపత్రి పదకొండు గంటలు. నీళ్ళు రెండు. నిద్ర ఆరు. దారి ఒకటి. తిండి, స్నానం కలిపి రెండు. కూతురు ఒకటిన్నర. కూడితే ఇరవై మూడున్నర. మిగిలిన అరగంట అబ్బాయిదని అనుకుంటాను. అడిగితే, అమ్మా, ఆ అరగంట తువ్వాలు వెతకడానికే పోతోంది అన్నాడు.

పట్టీ మనవరాలి కంటపడింది. రెండో క్లాసు, కూడికలు బాగా వచ్చు. ఆసుపత్రికి పదకొండు ఇచ్చి నాకు ఒకటిన్నర ఏంటి నానమ్మా అంది. మీ అమ్మనే అడుగు అన్నాను. సాయంత్రం వాళ్ళమ్మనే పట్టుకుంది. ఏప్రిల్ 27 ఆదివారం మొత్తం నీదే, నిన్ను పూల్‌లోకి తీసుకెళ్ళి ఈత నేర్పిస్తాను అని కోడలు చేతిలో చెయ్యి వేసింది. క్యాలెండర్‌లో ఆ గడిని ఎర్ర పెన్సిల్‌తో కాగితం చిరిగేదాకా దిద్దింది మనవరాలు.

మార్చి 22

ఎనభై రౌండ్లు. గుండీలు సరిపోయాయి.

ఏప్రిల్ 2, బుధవారం

పూల్ నుంచి తిరిగొచ్చేటప్పుడు బస్సులో కోడల్ని అడిగాను, నువ్వు నిద్రపుచ్చినవాళ్ళు ఎక్కడికి వెళతారు అని. తెలియదంది. పది నుంచి వెనక్కి లెక్కపెట్టమంటుందట. పది, తొమ్మిది, ఎనిమిది. చాలామంది ఆరు దగ్గర ఆగిపోతారు. ఒక పోస్ట్‌మాన్ మాత్రం రెండు దాకా వచ్చాడట, నంబర్లు చూసే అలవాటు కదా. లేచాక అందరూ ఒకటే అడుగుతారట, ఇంకా మొదలుపెట్టలేదా అని. ఆగిన చోటు ఎవరికీ గుర్తుండదు అత్తయ్యా అంది.

మధ్యాహ్నం దుప్పట్లు మడతపెడుతూ పది నుంచి వెనక్కి వచ్చాను. ఒకటి దాకా వచ్చి, ఎక్కడికీ వెళ్ళకుండా, మడతలతో అక్కడే నిలబడి ఉన్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం, సాయంత్రం

ఈరోజే ఆ రెండు వందలు.

ఐదుకి దిగింది. తన ఈతకి రౌండుకి సరిగ్గా ఒక నిమిషం, ఎప్పుడూ అంతే. మొదటి రెండు గంటలు బాగానే గడిచాయి. పైకప్పు మీద నీటి వెలుగు పాకుతోంది. గుండీలు ఎడమ నుంచి కుడికి వెళుతున్నాయి.

మూడో గంటలో కోడలి చెయ్యి సూది అయింది. నీళ్ళలో మునిగి, కొంచెం అవతల తేలి, మళ్ళీ మునుగుతోంది. పూల్ అంతా పొడుగ్గా పరిచిన నీలం గుడ్డ. తను దాని అంచు కుడుతోంది. కుట్టు వెనకే విడిపోతోంది, అయినా కుడుతోంది. ఆ గుడ్డ కింద నేనున్నాను. కాళ్ళకి నేల లేదు, భయమూ లేదు. చేయాల్సిన పని ఎక్కడా ఒక్కటి కూడా రాసి లేదు. పైన ఎవరో పది నుంచి వెనక్కి లెక్కపెడుతున్నారు. ఆరు దాకా విన్నాను.

చేతిలో గుండీ నేల మీద పడి టక్కుమంది.

గడియారం చూశాను. ఇందాక చూసినప్పుడు ఏడూ పది. ఇప్పుడు ఏడూ ఇరవై ఒకటి. నిమిషానికి ఒకటి కదా అని పదకొండు గుండీలు కుడి డబ్బాలో వేశాను. వేశాక కనిపించింది, గట్టు మీద తన నీళ్ళ సీసా. నిండుగా ఉండాల్సింది సగమే ఉంది. పక్కన అరటి తొక్క. అంటే మధ్యలో ఆగింది. ఆగితే నాలుగు నిమిషాలు పడుతుంది. పదకొండు కాదు, ఏడు. ఏడని కూడా ఎవరు చెప్పొచ్చారు, నేను చూడలేదుగా.

చివర్లో ఇంకో నాలుగు వెయ్యమందాం అనుకున్నాను.

చివరి గుండీ పడింది. తను గట్టు పట్టుకుని తల ఎత్తింది. పెదవులు నీలంగా ఉన్నాయి. వేళ్ళు గట్టు మీద నిలవడం లేదు. అయిందా అత్తయ్యా అంది. నాలుగు అన్న మాట నాలుక మీదే ఉంది.

అయిందమ్మా అన్నాను.

నిచ్చెన ఎక్కలేకపోతే చంకల కింద చేతులు వేసి లాగాను. కాగితం మీద రెండు వందలు అని అంకెల్లో, అక్షరాల్లో రాసి సంతకం పెట్టాను.  

ఏప్రిల్ 14

పనులు తొమ్మిది. తొమ్మిదీ చేశాను.

ఏప్రిల్ 17, గురువారం

కోడలు చిరాగ్గా వచ్చింది. కొత్తగా చేరిన జూనియర్ ఐదు నిమిషాలకోసారి నాడి చూసి రాయాల్సింది పోయి, ఆపరేషన్ అయ్యాక అంకెలన్నీ ఒకేసారి నింపేశాడట. పేషెంట్‌కి ఏమీ కాలేదు కదా మేడమ్ అన్నాడట. నువ్వు చూడకపోతే ఖాళీ వదిలెయ్యి బాబూ, తర్వాత వచ్చినవాళ్ళకి అక్కడ ఎవరూ చూడలేదని తెలుస్తుంది, నువ్వు నింపేస్తే అదీ తెలియదు అని అందరి ముందూ అరిచిందట. పాపం చిన్నవాడు, ఎక్కువ తిట్టానా అత్తయ్యా అని నన్నే అడిగింది.

లేదన్నాను. తుడిచిన పళ్ళాన్నే మళ్ళీ తుడుస్తున్నాను.

ఏప్రిల్ 18, ఉదయం 7

చెప్పేశాను. తను చెప్పులు వేసుకుంటోంది. ముందు నవ్వింది, తమాషా చేస్తున్నానని. నా మొహం చూసి ఆగిపోయింది. ఎన్ని అంది. నాలుగు, నాలుగే అయుండాలి, అదీ చూడలేదు అన్నాను.

నాలుగు నిమిషాలు అత్తయ్యా, అప్పుడే చెప్పుంటే నాలుగంటే నాలుగు నిమిషాలు, ఏడుస్తూ అయినా వేసేదాన్ని అంది. నీ పెదవులు నీలంగా ఉన్నాయి అన్నాను. నా పెదవుల సంగతి మిమ్మల్ని ఎవరు చూడమన్నారు, మిమ్మల్ని లెక్క చూడమన్నాను అంది.

చెప్పులు తారుమారుగా వేసుకుని వెళ్ళిపోయింది. గేటు దగ్గర సరిచేసుకుంది. వెనక్కి చూడలేదు.

ఏప్రిల్ 20, ఆదివారం

రెండు రోజులుగా కోడలికి నాతో పాలు, తాళం చెవి తప్ప వేరే మాట లేదు. ఈరోజు కూడా డ్యూటీ.

అబ్బాయి గొంతు తగ్గించి, ఆ కాగితం అలాగే పంపేస్తే ఎవరికి తెలుస్తుందమ్మా అన్నాడు. మీ అమ్మకి తెలుసు, నీ పెళ్ళానికి తెలుసు, నా గుండీలకి తెలుసు, ఇంకెంతమందికి తెలియాలిరా అన్నారు ఈయన.

సాయంత్రం కోడలు వచ్చి నా ఎదురుగా కూర్చుంది. మళ్ళీ ఈదుతాను, మొదటి నుంచి, మీరే లెక్కపెట్టాలి అంది. ఇరవై ఎనిమిదిలోపు తనకి సెలవు ఒక్కటే రోజు, ఇరవై ఏడు. ఇద్దరం క్యాలెండర్ వైపు చూశాం. ఎర్ర గడి.

నేనే చెప్తానన్నాను.

మనవరాలు విని, అమ్మ తప్పు చేసిందా అంది. కాదు, నేను. నువ్వు కూడా తప్పులు చేస్తావా నానమ్మా అని కళ్ళు ఇంతింత చేసుకుంది. కాసేపు ఆ సంతోషంలోనే ఉంది. తర్వాత ఏడ్చింది. ఏడుపు అయ్యాక బేరానికి వచ్చింది. నా ఆదివారం నువ్వు తీసుకున్నావు కాబట్టి నువ్వే ఇవ్వాలి, అమ్మ సరస్సు అయిపోయాక నువ్వే నాతో నీళ్ళలోకి రావాలి, నాలుగు రౌండ్లు, ఒక్కటి తగ్గినా ఒప్పుకోను అంది.

నాకు నీళ్ళంటే బకెట్ దాకానే. యాభై మూడేళ్ళలో మోకాలు దాటి దిగింది లేదు. అయినా రాసుకుంటున్నాను. బాకీ: మనవరాలికి నాలుగు రౌండ్లు.

ఏప్రిల్ 27, ఆదివారం

మనవరాలు కూడా వచ్చింది. నా పక్కన కూర్చుని, నా రెప్ప వాలినప్పుడల్లా గిల్లింది. వాలనప్పుడు కూడా గిల్లింది. చేతి మీద ఇరవై ఎర్ర మచ్చలు.

నీలం గుడ్డ మళ్ళీ పరుచుకుంది. సూది మళ్ళీ మునిగింది. నేను గట్టు మీదే ఉన్నాను. తను ఆగినప్పుడు నా చెయ్యీ ఆగింది.

రెండు వందలూ అయ్యాక కోడలు నన్ను అడగలేదు, కూతుర్ని అడిగింది, సరిపోయాయా అని. అన్నీ సరిపోయాయమ్మా, నానమ్మ ఒక్కసారి కూడా వెళ్ళిపోలేదు అంది ఇది.

కొత్త కాగితం మీద సంతకం పెట్టాను.  బస్సులో కోడలి తడి తల నా భుజం మీద వాలింది. నిద్రపోయింది. కొంగు తడిసింది, కదల్లేదు. మా స్టాపు దాటిపోయింది. దాటిపోనిచ్చాను.

జూన్ 8, ఆదివారం, సాయంత్రం

పడవలో నేను, పడవ నడిపే ఆయన, సరస్సు వాళ్ళు పంపిన పరిశీలకుడు. నీళ్ళలో తను. ఎవరూ తనని ముట్టుకోకూడదు, తను పడవని ముట్టుకోకూడదు. ముట్టుకుంటే అక్కడితో సరి. అరగంటకోసారి తాడు కట్టిన సీసా విసరడం, నిమిషానికి ఎన్ని చేతులు వేస్తోందో లెక్కపెట్టి రాయడం నా పని. చేతులు తగ్గితే ఒంట్లో చలి ఎక్కినట్టు.

అరవై రెండు. అరవై ఒకటి. అరవై రెండు. యాభై తొమ్మిది.

ఐదో గంటలో పొగమంచు దిగింది. పడవ ఉంది, నేనున్నాను, మిగతాదంతా తెలుపు. ఆ తెలుపులో ఎక్కడో చెయ్యి నీళ్ళని కొట్టే చప్పుడు. కొన్ని వినిపిస్తున్నాయి, కొన్ని నేనే అనుకుంటున్నాను. అరవై అని రాయొచ్చు. అరవైకి అటూ ఇటూ ఉంటుంది, నాకు తెలుసు. రాయలేదు. ఆ గడి అలాగే ఉంచి, పేరు పెట్టి పిలిచాను. చాలాసేపటికి, వస్తున్నా అత్తయ్యా అని తెలుపులోంచి వచ్చింది.

ఏడు గంటల యాభై రెండు నిమిషాలు. అవతలి ఒడ్డు ఎక్కింది.

పరిశీలకుడు నా పట్టీ తిప్పి చూసి, ఇక్కడ ఏమీ లేదేంటమ్మా అన్నాడు. కనిపించలేదు బాబూ అన్నాను. ఆ ఖాళీ పక్కన తన సంతకం పెట్టాడు.

దుప్పటి కప్పుకుని వణుకుతూ కోడలు పట్టీ అడిగింది. అంకెలన్నీ దాటుకుంటూ వచ్చి, ఆ ఖాళీ గడి మీద వేలు పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.  తన వేలి తడికి పక్క అంకె కొంచెం అలుక్కుపోయింది. యాభై ఎనిమిది. నేను చూసిందే.

ఇంటికి ఫోన్ చేస్తే ఈయన ఎత్తారు. మీరడిగిన బస్సు ఉందట, తిరిగి రావడానికి అన్నాను.

జూన్ 21

ఈయన నాకు ఈత బట్ట కుట్టారు. మోచేతుల దాకా చేతులు, మోకాళ్ళ దాకా పొడవు. గుండీ లేకుండా కుట్టడం నా సర్వీసులో ఇదే మొదలు అన్నారు.

జూన్ 22, ఆదివారం

పనులు ఒకటి.

గట్టు మీద డబ్బాలు ఒళ్ళో పెట్టుకుని కోడలు. ఎడమ డబ్బాలో నాలుగు గుండీలు. నీళ్ళు నా ఛాతీ దాకా, నా మెడకి చుట్టుకుని మనవరాలు. మూడో రౌండులో కాళ్ళకి నేల తగల్లేదు, గట్టు అంచు పట్టుకుని సాగాను. చెవిలో మనవరాలు పది నుంచి వెనక్కి లెక్కపెట్టింది. ఈసారి ఒకటి దాకా విన్నాను.

నాలుగూ చూసి రాసినవే. చూసింది కోడలు. బాకీ చెల్లు.